తంతి తీగ నుంచి సెల్ టవర్ దాకా: లోహం వెంట నడిచిన కాపలా

దూరసమాచార వ్యవస్థల చరిత్రను సాధారణంగా ఆవిష్కరణల వరుసలోనే రాస్తారు. ఊళ్ళకు దూరంగా, మనిషి కాపలా లేని చోట ఎండకూ వానకూ వదిలేయక తప్పని ఆ సామగ్రిని దొంగల బారి నుంచి ఎలా కాపాడుకున్నారన్న సంగతికి అందులో చోటు తక్కువ. దొంగకు కావలసింది వార్త కాదు, వార్తను మోసే వస్తువు. ఆ వస్తువు మారినప్పుడల్లా కాపలా పద్ధతీ మారుతూ వచ్చింది.

కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా పనిచేసిన విలియం ఓషానెస్సీ, 1851లో డైమండ్ హార్బర్ దిశగా తంతి మార్గం వేయించినప్పుడు, ఐరోపాలో వాడుకలో ఉన్న సన్నని తీగను కాదని లావుపాటి ఇనుప కడ్డీని ఎంచుకున్నాడు. కోతులు వేలాడినా, గద్దలు వాలినా, తుఫాను గాలులు వీచినా అది తెగకూడదన్నది ఆయన ఆలోచన. అంత లావు కడ్డీని తుంచడం, మోసుకుపోవడం కూడా సులువు కాదు గనుక, అడగకుండానే అది కొంత రక్షణ కూడా ఇచ్చి ఉంటుంది. అయితే ఇనుముతో అవసరం పడినవారిని లావు ఆపలేదు: 1857 తిరుగుబాటులో ఆ కడ్డీలను తూటాలకు బదులుగా ముక్కలు చేశారనీ, స్తంభాల అడుగున ఉండే ఇనుప గొట్టాలను చిన్న ఫిరంగులుగా మలిచారనీ ఆంగ్లేయులు రాసిపెట్టారు.

1885 నాటి భారత తంతి చట్టం తంతి మార్గాన్ని కావాలని పాడుచేసినవారికి మూడేళ్ళ దాకా జైలుశిక్ష విధించింది. ఈ నిబంధన దొంగనూ, ఉద్యమకారుణ్ణీ ఒకే గాటన కట్టింది. 1942లో ఆంధ్ర కాంగ్రెస్ సంఘం పేర కళా వెంకటరావు పంపిన సర్క్యులర్‌లో తంతి తీగలు తెంచడం కూడా ప్రస్తావనకు వచ్చిందంటే, అక్కడ తీగకున్న విలువ లోహానిది కాదు, ప్రభుత్వపు మాటను మోసే శక్తిది.

అసలు బెడద రాగితో పెరిగింది. దూరపు మార్గాలకు ఇనుముకన్నా రాగి మేలని తేలి, ఆ తీగలు దేశమంతటా విస్తరించాక, దొంగకు కరిగించి అమ్ముకోదగిన సరుకు స్తంభాల మీదే దొరికింది. తీగ ఒకసారి పాత సామాన్ల దుకాణం చేరితే అది తంతి శాఖదేనని రుజువు చేయడం కష్టం. ఈ చిక్కును విప్పడానికి 1950లో తెచ్చిన టెలిగ్రాఫ్ తీగల అక్రమ స్వాధీన చట్టం విచిత్రమైన ఉపాయం పన్నింది: తీగను దాని బరువును బట్టి గుర్తించింది. మైలు పొడవుకు 147 నుంచి 153 పౌన్లు, 196 నుంచి 204, లేదా 294 నుంచి 306 పౌన్ల మధ్య తూగే రాగి తీగను చట్టం తంతి తీగగా లెక్కించింది. అలాంటిది ఎవరి దగ్గరైనా దొరికి, అది శాఖదేనని న్యాయస్థానం నమ్మడానికి కారణం ఉంటే, న్యాయంగా వచ్చిందని చూపించుకోవలసిన బాధ్యత ఆ మనిషిదే అయింది. ప్రాసిక్యూషన్ మోయవలసిన భారాన్ని నిందితుడి నెత్తిన పెట్టడం మామూలు న్యాయసూత్రానికి విరుద్ధమే. స్తంభాల పొడవునా పోలీసులను నిలపలేని ప్రభుత్వం తక్కెడను కాపలా పెట్టిందని చెప్పాలి.

1995లో దేశంలో మొబైల్ సేవలు మొదలయ్యాక తీగ అవసరం తగ్గింది గానీ చోరీ తగ్గలేదు. కరెంటు పోయినా టవర్ పనిచేయాలంటే బ్యాటరీ కావాలి. 2 వోల్టుల సీసపు సెల్‌లు 24 వరుసగా కలిపితే 48 వోల్టుల బ్యాంకు అవుతుంది. సీసానికి పాత ఇనుము వ్యాపారుల దగ్గర ఎప్పుడూ గిరాకీయే. జనరేటర్‌లోని డీజిల్‌కైతే వ్యాపారి అవసరం కూడా లేదు. అందువల్ల టవర్ చుట్టూ ముళ్ళకంచె, బ్యాటరీలకు ఇనుప పంజరం, విప్పడానికి వీల్లేకుండా వెల్డింగ్ చేసిన నట్లు, తలుపు తెరుచుకోగానే దూరాన ఉన్న పర్యవేక్షణ కేంద్రానికి కబురందించే అలారం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. లిథియం బ్యాటరీలు వచ్చాక కొన్నింటిలో మరో తాళం చేరింది: చోటు నుంచి కదిలించినట్లు గుర్తించగానే లోపలి నియంత్రణ పలక కరెంటు ఇవ్వడం ఆపేస్తుంది.

ఈలోగా టవర్ రూపమే మారింది. కింది గదిలో ఉండే రేడియో పరికరం, రిమోట్ రేడియో యూనిట్ అనే పెట్టెగా యాంటెన్నా పక్కకు ఎక్కడంతో, కింది నుంచి పైదాకా సంకేతాన్ని మోసే లావుపాటి రాగి కేబుల్ స్థానంలో గాజు పోగు వచ్చింది. దాన్ని కొనేవాడు లేకపోయినా, రాగి అనుకుని కోసి పారేసిన సందర్భాలు ఉన్నాయి. పైకెక్కిన పెట్టెకు ఎత్తే రక్షణ కావలసింది గానీ, ఇటీవలి సంవత్సరాల్లో దాన్నే దించుకుపోయే ముఠాలు పట్టుబడుతున్నాయి. తూకానికి అమ్ముడుపోయే సీసం, రాగిలాంటిది కాదు ఇది. పరికరంగానే దీనికి ధర, కాబట్టి కొనేవాడికీ ఇదేమిటో తెలిసి ఉండాలి. కొన్ని యూనిట్లు దేశం దాటిపోతున్నాయని పోలీసులు చెబుతుండగా, వాటి జాడ తీయడానికి ఇప్పుడు బరువుకు బదులు ప్రతి పెట్టె మీదా ఉండే క్రమసంఖ్య ఆధారమవుతోంది.