దక్కను నల్లరాయి సాక్ష్యం

ఖండాల చలనం మీద వచ్చిన చరిత్రలు దాదాపు ఒకే దారిన నడుస్తాయి. 1912లో జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఖండాలు కదిలాయన్నాడు. భూగర్భ శాస్త్రజ్ఞులు చాలామంది కొట్టిపారేశారు. 1960లలో సముద్రగర్భాన్ని పరిశీలించాక ఒప్పుకున్నారు. ఇందులో అబద్ధం లేదు. అయితే మధ్యలో 1950ల దశాబ్దం జారిపోతోంది. ఆ కాలంలో వెగెనర్ పక్షాన నిలబడిన తొలి గట్టి సాక్షుల్లో మన దక్కను నల్లరాయి ఒకటి. దానికి రావలసినంత పేరు రాలేదన్నది నా అభిప్రాయం.

అసలు చిక్కు బొగ్గుపొరల దగ్గర మొదలైంది. నాలుక ఆకారంలో ఉండే గ్లాసాప్టెరిస్ ఆకుల శిలాజాలు భారతదేశపు బొగ్గు క్షేత్రాల్లో దొరికాయి. మహాసముద్రాల అవతల దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో కూడా దొరికాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ మరణించిన స్కాట్ బృందం చివరిదాకా లాక్కొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలోనూ ఆ ఆకు ముద్రలే ఉన్నాయి. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్ అంతకు ముందే ఈ దక్షిణ భూభాగాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్నాయని ఊహించి, గోండుల సీమ పేరు మీదుగా దానికి గోండ్వానా అని పేరు పెట్టాడు. ఆయన లెక్కలో మధ్యనున్న నేల సముద్రంలో మునిగిపోయింది. కాదు, ఉన్న నేలే విడిపోయి దూరం జరిగిందన్నాడు వెగెనర్. మరి అంత బరువును జరిపిన బలమేది? దానికి ఆయన దగ్గర సరైన జవాబు లేదు. కేంబ్రిడ్జిలో హెరాల్డ్ జెఫ్రీస్ లెక్కగట్టి, వెగెనర్ చెప్పిన బలాలు ఆ పనికి ఏమాత్రం చాలవని తేల్చాడు. బలాల విషయంలో జెఫ్రీస్ లెక్క సరైనదే. కదలికే జరగలేదనడానికి మాత్రం అది చాలదు.

అదే కేంబ్రిడ్జిలో, 1951లో, ఎడ్వర్డ్ ఇర్వింగ్ అనే పరిశోధక విద్యార్థికి ఓ ఆలోచన వచ్చింది. లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నటైట్ రేణువులు అప్పటి భూఅయస్కాంత దిశను తమలో నిలుపుకుంటాయి. స్వేచ్ఛగా వేలాడే అయస్కాంత సూచి భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా ఉంటుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ వాలుతూ చివరికి నిలువవుతుంది. కాబట్టి రాతిలో దాగిన వాలును కొలిస్తే అది పుట్టిన అక్షాంశం తెలుస్తుంది. భారతదేశం నిజంగానే దక్షిణం నుంచి వచ్చి ఉంటే దాని రాళ్లే ఆ మాట చెప్పాలి. గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్‌కు ఈ ఆలోచన నచ్చింది. ఆయన చొరవతో ఇండియా నుంచి రాళ్లు కేంబ్రిడ్జి చేరాయి.

ఆ రాళ్లు దక్కను నల్లరాయివి; సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి దక్కనును ముంచెత్తిన లావా అది. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లోని నల్లరేగడి చాలావరకు ఆ రాయి అరిగి ఏర్పడిందే. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో కొట్టే కంకర కూడా ఆ కాలపు లావాయే. కేంబ్రిడ్జి చేరిన రాళ్లలోని వాలు, అవి ఇప్పుడు దొరికే చోటికి తగ్గట్టుగా లేదు; చాలా నిటారుగా ఉంది. 1956లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ మరిన్ని దక్కను రాళ్లను కొలిచి అదే ఫలితం ప్రకటించారు. నేటి అంచనా ప్రకారం ఆ లావా పొంగినప్పుడు దక్కను సుమారు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంది. అంటే అక్కడి నుంచి ఇక్కడికి 5,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణం.

అయినా, ఖండం కదల్లేదు, ధ్రువమే కదిలిందనే వాదానికి అప్పటికి ఇంకా చోటు ఉండేది. ధ్రువం ఒక్కటే కదిలి ఉంటే అన్ని ఖండాల రాళ్లూ దానికి ఒకే దారి చూపాలి. ఇర్వింగ్ 1956లో పోల్చి చూస్తే ఒక్కో ఖండానిది ఒక్కో దారి. నా దృష్టిలో వాదం తేలిపోవలసింది అక్కడే. తేలలేదు. ఇర్వింగ్ సిద్ధాంత గ్రంథాన్ని 1954లోనే పరీక్షకులు తిరస్కరించారు. డాక్టరేటు లేకుండానే ఆయన ఆస్ట్రేలియా వెళ్లి పరిశోధన కొనసాగించాడు. రాతి అయస్కాంతం నమ్మదగినదేనా అన్న సందేహం భూగర్భ శాస్త్రజ్ఞుల్లో ఇంకా కొన్నేళ్లు నిలిచింది.

ఆ సందేహాన్ని వదిలించడం కూడా మన పొరుగు సముద్రంలోనే మొదలైంది. ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ 1963లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసానికి ఆధారాలు హిందూ మహాసముద్రంలోని కార్ల్స్‌బర్గ్ శిఖరశ్రేణి మీద తీసిన కొలతలు. సముద్రగర్భం అక్కడ చీలి, కొత్త రాయి పుట్టి, రెండు పక్కలకూ విస్తరిస్తోందని అక్కడి రాళ్లలో నమోదైన అయస్కాంత చారలు చూపాయి. ఖండాలు సముద్రగర్భాన్ని దున్నుకుంటూ పోవలసిన పని లేదు. అవి పెద్ద ఫలకాల్లో భాగాలుగా వాటితోపాటే కదులుతాయి. జెఫ్రీస్ వేసిన ప్రశ్న రూపమే మారిపోయింది.

దక్కను లావా పొంగిన రోజుల్లో భారత ఫలకం ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా ఉత్తరానికి పరుగెత్తింది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొన్నాక వేగం తగ్గింది. ఇప్పుడది ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఆవరణలో ఉన్న జీపీఎస్ కేంద్రం ఆ కదలికను ఉపగ్రహాల సాయంతో నమోదు చేస్తోంది.