తీసేసిన ఏళ్లు

షమిసేన్ నేర్చుకుంటానని వెళ్లేనాటికి నాకు ముప్పై ఆరేళ్లు. పరిశోధన పని మీద జపాన్‌లో నీగాతాలో ఉన్నాను. మూడు తీగలే కదా అనుకున్నాను. వీణకున్నట్టు దానికి మెట్లుండవు. ఆ సన్నటి మెడ మీద స్వరం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి. కుడిచేతిలో విసనకర్రలా విచ్చుకున్న ‘బాచి’తో తీగను మీటాలి. మోకాళ్లు మడిచి కూర్చుంటే అరగంటకే కాళ్లు మొద్దుబారిపోయాయి.

ముందు పెట్టుకున్న స్వరాల కాగితాన్ని గురువుగారు తీసి పక్కన పెట్టేశారు. డెబ్బై దాటిన మనిషి. ‘చిన్, టోన్, షాన్’ అని తను అంటూ నాచేత అనిపించారు. నోటి షమిసేన్ అంటారట దీన్ని. కాగితం లేకపోతే నాలుగు ముక్కలు కూడా నాకు గుర్తుండవని, ఇంత చదువూ చదివాక, ఆ రోజు తెలిసింది.

గంటలకొద్దీ సాగే కథాగేయాలను కాగితం అవసరమే లేకుండా మోసుకు తిరిగిన ఆడవాళ్లు ఈ నేల మీదే నడిచారు. వాళ్లు గోజెలు, చూపులేని గాయనులు. ముందు నడిచేవారి మూట మీద చెయ్యి వేసుకుని, వరసగా, మంచులో ఊరూరా తిరిగేవారు. అంధ పురుషుల సంఘం తోదోజా 1871లో రద్దయింది. తకాదా, నగఓకా గోజెల బృందాలు మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోకీ నడిచాయి. 1900లో పుట్టిన కొబయాషి హరు పసితనంలోనే చూపు పోగొట్టుకుని, అయిదేళ్లకే ఈ విద్యలో చేరింది. నూట అయిదేళ్లు బతికి 2005లో పోయింది.

వీళ్ల సంపాదన వీళ్లదే, కట్టుబాట్లూ వీళ్లవే. పెద్దరికం వయసుతో రాదు, చేరి ఎన్నేళ్లయిందన్న లెక్కతో వస్తుంది. మగవాడితో సంబంధం బయటపడితే ఆ లెక్కలోంచి కొన్నేళ్లు కోసేసేవారు. లేదా వెళ్లగొట్టేవారు. అలా వెళ్లగొట్టబడిన స్త్రీ మీద 1977లో షినోదా మసహిరో సినిమా తీశాడు. బయటి ప్రపంచానికి గోజె అంటే ఆమే. సొంతంగా సంఘం నడుపుకున్న వాళ్లు ఎవరికీ అంత అందంగా కనబడరేమో! అలాగని ఆ సంఘాన్ని ఆడవాళ్ల స్వర్గమనీ నేననలేను. శిక్ష వేసిందీ ఆడవాళ్లే కదా. పిల్లల్ని కనే హక్కులేని ఈ స్త్రీల పాత షమిసేన్ తీగల్ని మాత్రం సుఖప్రసవం కావాలని గర్భిణులు దాచుకునేవారట.

ఏళ్లు కోసెయ్యడమన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ మధ్య ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో, మా పాప పుట్టాక పరిశోధన ఆగిన మూడేళ్లనీ నా అనుభవంలోంచి తీసేశారు. ఆ లెక్క చెప్పినావిడ నాకంటే పదేళ్లు పెద్ద, ఇద్దరు పిల్లల తల్లి. ‘రూల్ అమ్మా’ అంది. నేనేమీ అనలేకపోయాను. ఇప్పటికీ ఆవిడ మీద నాకు కోపం రాదు, అదే ఎక్కువ బాధిస్తుంది.

పాపకి జ్వరాలొచ్చి నడుమ రెండు నెలలు పాఠానికి వెళ్లలేదు. తిరిగి వెళ్లిన రోజున ఎవరో కొత్తావిడ వచ్చి కూర్చుంది. గురువుగారు నన్ను చూపించి, ‘ఈవిడ చేరి పది నెలలు’ అన్నారు. ఎనిమిదేనండీ, అన్నాను.

‘పదే’ అన్నారావిడ, తీగ బిగిస్తూ.