ఓడిన పోరాటం, వీడని స్నేహం

హైదరాబాదులో మూసీనదిపై ఉన్న పురానాపూల్‌ను 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, ఈ వంతెన పరిసరాలతోపాటు నగరంలో చాలా భాగాన్ని ముంచివేసింది. వేలాది జనం మరణించారు. తర్వాత, నిజాం ప్రభుత్వం కోరగా, మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించాలని సూచించాడు. ఆ విధంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఏర్పడినవి. వరద భయం తగ్గడమేగాక నగరానికి తాగునీరు కూడ లభించింది.

సరిగా ఆ కాలంలోనే అమెరికాలో మరొక నగరం నీటికొరకు వెదకుతూ ఉండినది. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చింది. వెంటనే మంటలు లేచినవి. నేలలోని నీటిగొట్టాలు పగిలిపోవడంచేత వాటిని ఆర్పడం కష్టమైంది. దూరాన కొత్త జలాశయం ఉంటే మాత్రం పగిలిన గొట్టాలలో నీరు పారుతుందా? అయినప్పటికీ నగరాధికారుల కోరికకు బలం చేకూరింది. వారు కోరినది హెచ్‌హెచీ లోయను. అది యోసెమిటీ జాతీయోద్యానవనంలోనిది. 1908 మే నెలలో, అనగా మూసీ వరదకు నాలుగు నెలల ముందు, వారికి ప్రభుత్వానుమతి లభించింది.

దానిని ఎదిరించినవారిలో అగ్రగణ్యుడు జాన్ మ్యూర్. 1889లో పత్రికా సంపాదకుడు రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్, ఆయన కలిసి యోసెమిటీ పర్వతాలలో చలిమంట ప్రక్కన కూర్చుని ఆలోచించిన ఫలితంగానే 1890లో ఆ ఉద్యానవనం ఏర్పడింది. 1892లో మ్యూర్ అధ్యక్షుడుగా సియెర్రా క్లబ్ స్థాపితమైంది. దాని కార్యదర్శి విలియం కోల్బీ అనే యువ న్యాయవాది. నగరానికి నీరు వద్దని వీరు అనలేదు. నీటిని వేరొక చోటునుండి తెచ్చుకోవచ్చునని వాదించారు.

ఈ వివాదం స్నేహాలను పరీక్షించింది. క్లబ్ స్థాపకులలో ఒకడు, మ్యూర్‌కు మిత్రుడు అయిన వారెన్ ఓల్నీ నగరం పక్షం వహించి, చివరకు క్లబ్‌ను వదలిపోయాడు. 1910లో సభ్యుల అభిప్రాయం కోరగా లోయను కాపాడాలని 589 మంది, ఆనకట్ట కట్టవచ్చునని 161 మంది తెలిపారు. జాన్సన్, కోల్బీ మాత్రం మ్యూర్‌ను విడువలేదు. అయినా ఓటమి తప్పలేదు. 1913 డిసెంబరు 19న అధ్యక్షుడు విల్సన్ ఆనకట్ట చట్టంపై సంతకం చేశాడు. మరుసటి ఏడు డిసెంబరు 24న మ్యూర్ కన్నుమూశాడు.

అంతటితో ఆ మిత్రబృందం చెదరిపోలేదు. కోల్బీ, అతని సహచరులు కోరగా 1915లో కాలిఫోర్నియా ప్రభుత్వం మ్యూర్ పేర ఒక కొండబాట వేయడానికి 10,000 డాలర్లు మంజూరు చేసింది. ఆయన శతజయంతి సంవత్సరమైన 1938లో ఆ బాట పూర్తి అయింది. హెచ్‌హెచీకొరకు పోరాడిన హొరేస్ మెక్‌ఫార్లండ్, జాతీయోద్యానవనాలకు ప్రత్యేక శాఖ ఉండాలని పట్టుబట్టినవారిలో ముఖ్యుడు. అట్టి శాఖ 1916లో ఏర్పడింది. లోయలో ఆనకట్ట 1923లో పూర్తి అయింది. 1934లో నీరు నగరానికి చేరింది. కాని 1950 తరువాత ఎకోపార్క్ అనే మరొక రక్షిత ప్రాంతంలో ఆనకట్ట తలపెట్టినప్పుడు, సియెర్రా క్లబ్ హెచ్‌హెచీ కథను ప్రజలకు మరల చెప్పింది. 1956లో ఆ ఆనకట్ట ఆలోచన విరమించబడింది.

మునిగిన లోయ తిరిగి రాలేదు. నగరాలకు నీరు కావలె. అది పురానాపూల్ ఒడ్డున ఉన్నవారికి చెప్పనక్కరలేదు. ఆ నీటికొరకు దేనిని వదలుకొంటున్నామని ప్రతి తరమూ అడుగవలసి ఉంటుంది. అట్లు అడిగి ఓడిపోయినవారు ఒకరినొకరు నిందించుకొని విడిపోతే ప్రశ్న కూడ వారితోనే పోతుంది. ఈ మిత్రులు కలిసి ఉండుటచేతనే, నలభై ఏండ్ల తరువాత మరొక లోయ నిలిచింది.