సర్పంచ్

గ్రామ పంచాయతీకి ఎన్నికైన అధిపతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సర్పంచ్‌ను గ్రామ ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. ఉపసర్పంచ్‌ను మాత్రం వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. పోటీకి కనీస వయసు 21 ఏళ్లు, పదవీకాలం 5 ఏళ్లు. ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి, అయినా పార్టీల ప్రభావం లేని ఊరు అరుదు.

తాగునీరు, వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త తొలగింపు, ఇంటి పన్ను వసూలు సర్పంచ్ చూడాల్సిన పనులు. గ్రామసభకు అధ్యక్షత కూడా ఆయనదే, లేదా ఆమెదే. కుళాయిలో నీళ్లు రాకపోతే జనం ముందు తట్టేది సర్పంచ్ తలుపే. నిధులు మాత్రం ఎక్కువగా పైనుంచి రావాలి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించారు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కులపై సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్ సంతకాన్నీ తప్పనిసరి చేసింది. ఇద్దరికీ పొసగని చోట పనులు ఆగిపోయే ప్రమాదం ఉంది.

1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించింది. రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని సగానికి పెంచాయి. మహిళ గెలిచినా కుర్చీలో ఆమె భర్త కూర్చునే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. ఇది ఓటరు తీర్పుకే అవమానం.

పదవీకాలం ముగిసేలోగా మళ్లీ ఎన్నికలు జరపాలని రాజ్యాంగంలోని 243ఇ అధికరణం చెబుతోంది. అయినా 2024 ఫిబ్రవరిలో తెలంగాణ పంచాయతీలు ఎన్నికలు లేకుండానే ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి.