కాంతితో దంతాల తెలుపు, సీమలో గారపళ్లు

కాంతి సాయంతో దంతాలను తెల్లబరచడం అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న జెల్‌ను పళ్లకు పూసి, దానిమీద నీలి ఎల్‌ఈడీ దీపాన్నో, హాలోజన్ దీపాన్నో, లేజర్‌నో ప్రసరింపజేసే చికిత్స. చూసేవారికి దీపమే పళ్లను తెల్లగా మారుస్తున్నట్టు ఉంటుంది. అసలు పని జెల్‌ది. పాత కర్నూలు, కడప జిల్లాల్లో ఈ తేడా తెలిసి ఉండటం చాలా అవసరం. ఇక్కడ ఎంతోమంది పళ్లమీది మచ్చలు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చినవి. వాటి సంగతి కాఫీ, వక్కాకు మరకల కంటే వేరు.

పెరాక్సైడ్ అణువు చాలా చిన్నది. పంటి పింగాణి పొరలోంచి దూరి, దాని కిందున్న డెంటిన్ దాకా చేరుతుంది. అక్కడ విచ్ఛిన్నమై, రంగునిచ్చే పెద్ద కర్బన అణువుల బంధాలను తెంచుతుంది. తెగిన ముక్కలు కాంతిని అంతగా పీల్చుకోవు కనుక పన్ను లేతరంగులో కనిపిస్తుంది. వక్కాకు, గుట్కా, పొగాకు గారలో చాలా భాగం పంటి పైనే ఉంటుంది. దానికి ఆసుపత్రిలో పళ్లు శుభ్రం చేయించుకుంటే చాలు, పెరాక్సైడ్ దాకా పోనక్కర్లేదు.

పళ్లను తెల్లబరచే వైద్యం 19వ శతాబ్దంలోనే మొదలైంది. తొలిరోజుల్లో ఆక్సాలిక్ ఆమ్లం వాడేవారు, 1880లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ వచ్చింది. పెరాక్సైడ్‌ను తీవ్రమైన వెలుతురుతో వేడెక్కిస్తే తెలుపు త్వరగా వస్తుందని 1918లో అబాట్ రాశాడు. నేటి దీపాలన్నిటికీ మూలం ఆ ఆలోచనే. 1989లో అమెరికాకు చెందిన హేవుడ్, హేమన్‌లు 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌ను పంటి అచ్చులో వేసుకుని రాత్రిపూట ఇంట్లోనే పెట్టుకునే పద్ధతిని ప్రచురించారు. 1996లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పనికి ఆర్గాన్ లేజర్‌ను అనుమతించింది. ప్లాస్మా దీపాలు, ఎల్‌ఈడీలు ఆ తర్వాతవి.

ఫ్లోరైడ్ మచ్చల చరిత్ర దీని పక్కపక్కనే నడిచింది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో దంతవైద్యం మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే, అక్కడివాళ్ల గోధుమరంగు పళ్లకు కారణం వెతుకుతూ దశాబ్దాలు గడిపాడు. 1920లలో ఐడహోలోని ఓక్లీ ఊరివాళ్లు ఆయన సలహా మీద తాగునీటి ఊట మార్చుకుంటే, తర్వాత పెరిగిన పిల్లలకు మచ్చలు లేని పళ్లు వచ్చాయి. నీళ్లలోని దోషి ఫ్లోరైడ్ అని 1931లో రసాయన శాస్త్రవేత్త చర్చిల్ తేల్చాడు. ఆరేళ్లకు, 1937లో, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ సంచాలకుడు షార్ట్, సహచరులతో కలిసి మద్రాసు రాష్ట్రంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును వైద్యలోకానికి చూపించాడు. ఆ రోగులు పొదిలి, దర్శి ప్రాంతాలవాళ్లు. అప్పట్లో అవి నెల్లూరు జిల్లాలోవి. పక్కనున్న మార్కాపురం 1970 దాకా కర్నూలు జిల్లాలోదే. సరిగ్గా ఆ 1937లోనే అమెరికాలో ఏమ్స్ అనే దంతవైద్యుడు, పెరాక్సైడ్, ఈథర్ కలిపి పూసి, వేడిచేసిన పరికరం తాకించి ఇలాంటి మచ్చలనే తొలగించే పద్ధతిని ప్రచురించాడు. అంటే వేడితో తెల్లబరచే పద్ధతుల్లో ఒకటి అప్పటికే ఫ్లోరైడ్ మచ్చలను గురిచూసింది.

రాయలసీమ నేలలో గ్రానైటు రాళ్లున్నచోట భూగర్భ జలంలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. నీటిలో క్షారగుణం ఎక్కువై, కాల్షియం తక్కువైతే అది కరిగే ఉండిపోతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మంచిదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఫరవాలేదని భారత ప్రమాణం. ఎండలు 40 డిగ్రీలు దాటే చోట మనిషి నీళ్లు ఎక్కువ తాగుతాడు కనుక, అదే మోతాదు ఫ్లోరైడ్ ఉన్న నీరు ఇక్కడ ఎక్కువ హాని చేస్తుంది. నది నీటిలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ. 1860లలో తవ్వకం మొదలైన కర్నూలు–కడప కాలువ తుంగభద్ర నీటిని తెస్తుంది. ఆ నీటి అందుబాటులో ఉన్న ఊరికీ, లోతు బోర్లే దిక్కైన ఊరికీ పిల్లల పళ్లలో తేడా రావడానికి కారణం ఇదే.

ఫ్లోరైడ్ మచ్చ పంటిపైన అంటుకున్నది కాదు. దవడలో పన్ను తయారవుతున్నప్పుడే పింగాణి పైపొర కింద సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. పన్ను బయటికి వచ్చేటప్పుడు అక్కడ సుద్దలాంటి తెలుపే ఉంటుంది, గోధుమరంగు తర్వాత ఆ రంధ్రాల్లోకి ఎక్కుతుంది. అందుకే ఉప్పు, బొగ్గుపొడి, ఇటుకపొడి పెట్టి ఎంత రుద్దినా అది పోదు. ఉన్న పింగాణి అరిగి, పళ్లు జివ్వుమంటాయి. పెరాక్సైడ్ గోధుమరంగును చాలావరకు తగ్గించగలదు, తెల్లమచ్చను తీసేయలేదు. ఒక్కోసారి చికిత్స మొదట్లో ఆ మచ్చ మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పెళ్లి దగ్గరపడిందని హడావిడిగా దీపం కింద కూర్చునే అమ్మాయికి, అబ్బాయికి వైద్యుడు ఈ మాట ముందే చెప్పాలి.

ఇక దీపం సంగతి. హైడ్రోజన్ పెరాక్సైడ్ అతినీలలోహిత కిరణాలను గ్రహిస్తుంది, నీలి కాంతిని దాదాపు పట్టించుకోదు. కాబట్టి దీపం వల్ల ప్రధానంగా ఒరిగేది వేడి. వేడికి మందు చురుకవుతుంది, నిజమే. నరాలు, రక్తనాళాలుండే పంటి గుజ్జు కూడా వేడెక్కుతుంది. అది 5.5 డిగ్రీలు పెరిగితే కొన్ని పళ్లలో గుజ్జు కోలుకోకుండా పోతుందని 1965లో జాక్, కోహెన్ కోతులపై ప్రయోగంలో చూపారు. 2007లో బుచల్లా, ఆటిన్‌లు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను జల్లెడపట్టి, అదనపు కాంతి, వేడి అవసరం కనబడటం లేదని తేల్చారు. 2012 నాటి మరో సమీక్షలో 15–20 శాతం జెల్‌తో మాత్రం అప్పటికప్పుడు కొంత మెరుగు కనిపించింది, 25–35 శాతం జెల్‌తో ఏమీ లేదు. పైగా దీపం పెడితే జివ్వుమనడం ఎక్కువైంది. 2018 నాటి విశ్లేషణ ఏ గాఢతలోనూ దీపానికి మేలు కనిపించలేదని చెప్పింది. కుర్చీలోంచి లేవగానే కనిపించే మిలమిలలో కొంత, నోరు తెరిచి ఉంచడం వల్ల పళ్లు ఆరిపోయి వచ్చినది. ఒకటి రెండు రోజుల్లో తడి చేరాక ఆ భాగం వెనక్కి పోతుంది. ఫలితాన్ని రంగుల నమూనాతో పోల్చి చూసుకోవలసింది అప్పుడే. పళ్లకు పెట్టిన సిమెంటు, క్యాపుల రంగు ఏ దీపంతోనూ మారదు. ఐరోపా సమాఖ్య 2011 ఆదేశంతో పెరాక్సైడ్‌ను 6 శాతానికి పరిమితం చేసి, 18 ఏళ్లలోపువారికి నిషేధించింది.

ఫ్లోరైడ్ మచ్చలకు మరింత సూటిగా పనికొచ్చే పద్ధతులు వేరే ఉన్నాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ముద్దతో పైపొరను వెంట్రుకవాసి అరగదీసే పద్ధతిని 1986లో క్రోల్, కావనా ప్రచురించారు. తెల్లమచ్చలకు రెసిన్ ఎక్కించడం ఇంకో దారి. గట్టి పింగాణి కాంతిని వంచే సూచిక 1.62, గాలిది 1. రంధ్రాల్లో గాలి ఉన్నంతసేపు కాంతి చెదిరి మచ్చ తెల్లగా కనిపిస్తుంది. 1.52 సూచిక ఉన్న రెసిన్ నింపితే, తడిసిన తెల్లపంచె లోపలి రంగు చూపించినట్టు, మచ్చ చుట్టుపక్కల పంటిలో కలిసిపోతుంది. ముదిరిన ఫ్లోరోసిస్‌లో పన్ను పెచ్చులూడుతుంటే ఇవేవీ చాలవు. పైన తొడుగు వేయాల్సిందే.

పై వరుస ముందరి పళ్లకు ఫ్లోరైడ్‌తో అసలు గండం సుమారు రెండేళ్ల వయసు చుట్టూ ఉంటుంది. జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ల పింగాణి ఎనిమిదేళ్లకల్లా తయారైపోతుంది కనుక, ఆ తర్వాత తాగిన నీళ్లు వాటిమీద కొత్త మచ్చలు వేయవు. ఎముకలకు చేసే హాని మాత్రం ఆగదు. ఫ్లోరైడ్‌ను ఆర్‌వో యంత్రం చాలావరకు తీసేస్తుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. నీళ్లను కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది.