సంతకం ఎవరిది? చాకిరీ ఎవరిది?

పాత సైనిక కాగితాలకు ఇవాళ ధర పలుకుతోంది. గవర్నరు సంతకమో వైస్రాయి సంతకమో ఉన్న కమిషన్ పత్రమైతే ఇక చెప్పనక్కర్లేదు. పోగేసేవాళ్ళు చూసేది సంతకాన్నే. ఆ పత్రం పుచ్చుకున్నవాడిది ఏ ఊరు, ఏ వాడ అన్నది వాళ్ళకు పట్టదు. మాకు కావలసింది అదే. అనంతసాగరం, ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో మన వాడల చరిత్ర రాయాలంటే ఈ కాగితాలను కింది నుంచి చదవాలంటున్నాం.

ఈ సీమకు సైన్యాలు కొత్తేమీ కాదు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకున్నాడు. 1801లో నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు చేతిలోంచి కంపెనీ చేతికి పోయింది. 1839 ప్రాంతంలో కుట్ర నేరం మోపి ఉదయగిరి జాగీరునూ కంపెనీయే లాక్కుంది. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చేశారు. ఇలాంటి దానశాసనాల్లో ఇచ్చిన దొర బిరుదులుంటాయి, పుచ్చుకున్నవాడి గోత్రముంటుంది. కోటకు రాయి మోసినవాళ్ళు, చెరువుకట్టకు మట్టి మోసినవాళ్ళు వాటిలో ఎక్కడ?

కంపెనీ సైన్యంలోనూ కాగితానికి అంతస్తులున్నాయి. జమేదారు, సుబేదారు హోదాలకు కమిషన్ పత్రం ఇచ్చేవాళ్ళు. మామూలు సిపాయికి అది లేదు. రాజు కమిషన్ కోసం సాండ్‌హర్‌స్ట్‌లో భారతీయులకు చోటు దొరికిందే 1918 నుంచి, అదీ ఏడాదికి 10 మందికి. మద్రాసు సైన్యంలో అంటరాని కులాలవాళ్ళు తరతరాలుగా పనిచేశారు. ముఖ్యంగా దారులు వేసి, వంతెనలు కట్టే సాపర్ల దళంలో. వాళ్ళలో ఎక్కువమందికి మిగిలింది డిశ్చార్జి కాగితం, పింఛను కాగితం, ఒక మెడలు. కమిషన్లు మాత్రమే భద్రం చేసే చరిత్రలో వీళ్ళకు చోటెక్కడిది?

తర్వాత ఆ చాకిరీ కూడా లేకుండా చేశారు. 1881 నుంచి మద్రాసు సైన్యానికి, 1885 నుంచి భారత సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాదివాళ్ళకు యుద్ధానికి పనికొచ్చే గుణం లేదన్నాడు. యుద్ధజాతులన్న సిద్ధాంతం కులానికి ప్రభుత్వ ముద్ర వేసింది. 1890లలో మహర్లకూ తలుపులు మూసేశారు. దాని మీద గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో అర్జీ రాశాడు, శివరామ్ జానబా కాంబ్లే 1910లో మళ్ళీ అడిగాడు. సుబేదారు రాంజీ కొడుకు అంబేడ్కర్ ఈ పోరాటాన్ని కొనసాగించాడు. 1941లో మహర్ రెజిమెంటు వచ్చింది. అక్కడి దళితులు పాత సర్వీసును హక్కుగా చూపించగలిగారు. ఆ సర్వీసుకు ఆధారాలున్నాయి గనకే అది సాధ్యమైంది.

మన దగ్గరా ఆధారాలుండాలి. సిపాయి షీట్‌రోలులో తండ్రి పేరు, ఊరు, తాలూకా, కులం రాసేవాళ్ళు. మనవాళ్ళ పేరు ఇంటి ఊరుతో సహా సర్కారు కాగితానికెక్కిన అరుదైన చోట్లలో అదొకటి. అది చరిత్రకు పనికొచ్చే కాగితమే కాదు. మాజీ సైనికుడిగా భూమి అడగాలన్నా, డీకేటీ పట్టా మీద తగాదా వస్తే నిలబడాలన్నా ముందు అడిగేది డిశ్చార్జి కాగితాన్నే. దాన్ని వందకో రెండొందలకో అమ్ముకున్న ఇల్లు, ఒక్కోసారి తన భూమి సాక్ష్యాన్నే అమ్ముకున్నట్టవుతుంది.

కాబట్టి ఈ పనికి దిగే విద్యార్థులకు, టీచర్లకు మేము చెప్పేది ఒకటే. అసలు కాగితం ఇంటివాళ్ళ దగ్గరే ఉండాలి. నకలు మాత్రం తీసుకోండి. వెనక వైపు కూడా తీయండి, చాలాసార్లు అసలు సంగతి అక్కడే ఉంటుంది. కాగితం చూపించిన అవ్వ ఏం చెప్పిందో ఆమె మాటల్లోనే రాసి పెట్టండి. వేలిముద్ర ఉంటే అది ఎవరిదో అడగండి. మేము యూనివర్సిటీకి వచ్చిన మొదటి తరం. మా ఇళ్ళల్లో సంతకాల కంటే వేలిముద్రలే ఎక్కువ. గవర్నరు సంతకం ఎవరిదో చెప్పడానికి పుస్తకాలున్నాయి. వేలిముద్ర ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు వాడలో ఒకరో ఇద్దరో మిగిలారు. ముందు వాళ్ళ దగ్గరికి పోదాం.