రొయ్యల చెరువున కర్బన నత్రజనుల సమతూకము

రొయ్యలకు ప్రాణాధారమైన మేతయే చెరువునకు విషమూలము కూడ నగుచున్నది. మేతమాంసకృత్తులందు నూటికి 16 పాళ్లు నత్రజని యుండగా, వేసిన నత్రజనిలో సుమారు నాల్గవవంతు మాత్రమే రొయ్య దేహమును జేరి, తక్కినది విసర్జనమువలనను, మిగిలిన మేత క్రుళ్లుటవలనను అమ్మోనియాగా పరిణమించును. చిరకాలము దీనికి రైతులెఱిగిన చికిత్స యొక్కటియే: పాతనీటిని కాలువకు విడిచి కొత్తనీటిని తోడుట. ఇది తన మాలిన్యమును పొరుగువానికి పంపి, వాని చెరువులోని రోగమును తనచెంతకు రప్పించుకొనుటయే.

1970 దశకారంభమున తాహితీ ద్వీపమందలి ఫ్రెంచి సముద్ర పరిశోధన కేంద్రమువారు, నీటిని మార్చక నిరంతరము కలియబెట్టినచో అందు పుట్టు సూక్ష్మజీవుల గుచ్ఛములే (బయోఫ్లాకు) రొయ్యలకు ఆహారమగుట గమనించిరి. 1990 దశకమున అమెరికాలోని దక్షిణ కరోలినాయందును, బెలీజ్ దేశమందును ఈ మార్గమే అనుసరింపబడెను. ఇజ్రాయేలు శాస్త్రజ్ఞుడు యోరామ్ అవ్నిమెలెక్ దీనికి లెక్క సమకూర్చెను. కర్బనము సమృద్ధిగా దొరకిన బాక్టీరియా తమ దేహనిర్మాణమునకు వలసిన నత్రజనిని నీటిలోని అమ్మోనియానుండియే గ్రహించును గనుక, గ్రాము నత్రజనికి ఇంచుమించు 20 గ్రాముల పిండిపదార్థము చాలునని నిర్ణయించి, కర్బన నత్రజనుల నిష్పత్తిని చెరువునకు నియామకసాధనముగా 1999లో ప్రతిపాదించెను.

ఈ సిద్ధాంతపు సౌలభ్యమే అతివ్యాప్తికి దారితీసినదని నా తలంపు. ఎబెలింగ్, టిమ్మన్స్, బిసోగ్ని యను శాస్త్రజ్ఞులు 2006లో గణించినట్లు, ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని చక్కెర తిను బాక్టీరియాచే హరింపజేసినచో 8 గ్రాములకు పైగా జీవరాశి పుట్టును. అమ్మోనియాను నైట్రేటుగా మార్చు నత్రీకరణ బాక్టీరియాచే నైనచో 0.2 గ్రాము మాత్రమే. మొదటివి సత్వరము పనిచేసి బురదను మిగుల్చును. రెండవవి వారములతరబడి జాగుచేసి, పిదప నీటి క్షారతను మొదటివానికి దాదాపు రెట్టింపుగా హరించును. కావున తొలిదినములందు కర్బనమునకై బెల్లము వేసి, నత్రీకరణము నిలద్రొక్కుకొన్న పిమ్మట దానిని తగ్గించి, క్షారతను నిలుపుకొనుట యుక్తమని నేటి నిపుణులలో పలువురి మతము.

ఆంధ్రతీరమున 1994-95 నాటి తెల్లమచ్చల వ్యాధి టైగరు రొయ్యను కూలద్రోయగా, 2009లో వెనామీ యను మఱియొక రొయ్యజాతికి అనుమతి లభించినది. ఇప్పటి రైతులు బెల్లము, తవుడు, ఈస్టు పులియబెట్టి చల్లుచున్నను, మట్టిచెరువులో అది సంపూర్ణమగు బయోఫ్లాకు కాజాలదు. పైగా గుచ్ఛములు దట్టమైన చెరువున రాత్రివేళ కరెంటుపోయి ఏరేటర్లు నిలిచినచో, ఆ సూక్ష్మజీవులే రొయ్యలకంటె ముందుగ ప్రాణవాయువును హరించును.